వణుకుకి ఇంగ్లీషులో ఏ మాట? షివర్, ట్రెమర్, ట్విచ్, స్పాజమ్, ఫిట్స్: ఎవరు ఎప్పుడు ఏది వాడాలి

విశాఖలో ఈ చిక్కు చాలామందికి ఎదురవుతుంది. ఓఈటీ (వైద్యవృత్తివాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) రాసి బ్రిటన్ వెళ్దామని చదువుకుంటున్న నర్సు, నడిసముద్రంలో ఉండి ఒడ్డున ఉన్న డాక్టరుకి రేడియోలో రోగి పరిస్థితి చెప్పాల్సిన ఓడ ఆఫీసరు, మధురవాడలో కూర్చుని అమెరికా డాక్టరు మాటలు విని నోట్సు రాసే స్క్రైబు, విదేశంలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి అక్కడ జ్వరం తెచ్చుకున్న తల్లిదండ్రులు. ఒళ్ళు తనంతట తాను ఏదో చేసింది. దానికి తెలుగు మాట నోట్లోనే ఉంది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఐదారు మాటలు కనిపిస్తాయి, ఏది పట్టుకోవాలో తెలియదు.

నిఘంటువు తెరిస్తే షివర్, ట్రెంబుల్, షేక్, షడర్, క్వివర్ అన్నిటి ఎదురుగానూ "వణుకు" అనే ఉంటుంది. తెలుగులో చలికి వణుకుతాం, భయానికి వణుకుతాం, ముసలితనంలో చేతులు వణుకుతాయి. కారణం పక్క మాట చెప్తుంది, క్రియ మారదు. ఇంగ్లీషులో కారణం, కదలిక ఎంత పెద్దది, ఎంతసేపు అన్నవి క్రియలోనే ఉంటాయి. అందుకే "మా నాన్నగారి చేతులు షివర్ అవుతున్నాయి" అంటే విదేశీ డాక్టరు ముందు జ్వరం ఉందేమోనని చూస్తాడు. నాన్నగారికి కావలసింది నరాల డాక్టరు.

మాట ఎంచుకునే ముందు చూసుకోవలసినవి

ఎక్కడ కదిలింది? ఒళ్ళంతానా, ఒక చెయ్యా, ఒక కండరంలో చిన్న ముక్కా?

ఎన్నిసార్లు? ఒక్క కుదుపుతో అయిపోయిందా, ఒకే లయలో సాగుతోందా, వచ్చి పోతోందా?

ఏం రేపింది? చలి, జ్వరం, భయం, అసహ్యం, నొప్పి, చప్పుడు, లేక ఏ కారణమూ కనిపించలేదా?

ఆపగలరా? తనంతట తాను కాసేపైనా ఆపుకోగలిగాడా, ఎదుటివాళ్ళు పట్టుకుంటే ఆగిందా? దీన్ని చాలామంది అడగరు. టిక్‌ని ట్విచ్ నుంచి, పసిపిల్లల మామూలు వణుకుని ఫిట్స్ నుంచి విడదీసేది ఇదే.

చివరిది, ఎవరికి చెప్తున్నారు? రోగితో మాట్లాడుతున్నారా, డాక్టరుకి ఉత్తరం రాస్తున్నారా? ఒకే సంగతికి ఈ రెండు చోట్లా రెండు మాటలు కావాలి. ఓఈటీలో ఇక్కడ కూడా మార్కులు పోతాయి.

వణుకు మాటలు

| మాట | కదలిక | ఎంతసేపు | ఎక్కువగా దేనికి | ఎక్కడ నప్పదు |
|---|---|---|---|---|
| షివర్ | ఒళ్ళంతా, సన్నగా, వేగంగా | నిమిషాల తరబడి | చలి, జ్వరం ఎక్కేటప్పుడు | ఒక్క చెయ్యే వణికితే |
| షేక్ | సన్నమైనా పెద్దదైనా | ఎంతసేపైనా | దేనికైనా | కేసు షీటులో వివరం లేకుండా |
| ట్రెంబుల్ | సన్నగా. చేతులు, కాళ్ళు, గొంతు | కాసేపు | భయం, కోపం, నీరసం | ఉత్త చలికి |
| ట్రెమర్ | లయగా అటూ ఇటూ | నెలలు, ఏళ్ళు కూడా | నరాల జబ్బు, థైరాయిడ్, మందులు | రోగితో మామూలు మాటల్లో |
| షడర్ | ఒళ్ళంతా ఒక్క జలదరింపు | ఒకటి రెండు సెకన్లు | అసహ్యం, ఘోరమైన తలపు | జబ్బు లక్షణంగా |
| క్వివర్ | చాలా సన్నగా. పెదవి, గడ్డం | కాసేపు | ఏడుపు ఆపుకుంటున్నప్పుడు | ఆసుపత్రి రాతలో |
| రైగర్స్ | ఒళ్ళంతా, మంచం ఊగేంత | నిమిషాల తరబడి | జ్వరం ఒక్కసారిగా ఎక్కేటప్పుడు | రోగితో మాట్లాడేటప్పుడు |

లంబసింగిలో తెల్లవారుజామున మంచులో నిలబడితే వచ్చేది షివర్. కండరాలు సన్నగా, వేగంగా ముడుచుకుంటూ వేడి పుట్టిస్తాయి; ఒంటికి అది పనికొచ్చే వణుకు. జ్వరంలోనూ జరిగేది ఇదే. మెదడు ఒంటి వేడి గురిని పైకి జరుపుతుంది. ఉన్న వేడి ఆ గురికి తక్కువ కాబట్టి ఒంటికి చలేస్తుంది, వేడి పెంచుకోవడానికి వణుకుతుంది. మన "చలిజ్వరం"లో రెండు విషయాలు కలిసి ఉన్నాయి. రోగికి లోపల తెలిసే చలి చిల్స్, మనకి కంటికి కనిపించేది షివరింగ్. దుప్పట్లు కప్పినా ఆగక, పళ్ళు టకటకలాడి, మంచం ఊగేంత వణుకు వస్తే కేసు షీటులో రైగర్స్ అని రాయాలి. ఆ మాట చూడగానే డాక్టరుకి మలేరియా, రక్తంలోకి పాకిన ఇన్‌ఫెక్షను గుర్తుకొస్తాయి. మలేరియా కోసం రక్తపు చుక్కని చూసే స్మియరు, రక్తంలో సూక్ష్మజీవులని వెతికే బ్లడ్ కల్చరు రాస్తారు. పాడేరు వైపు నుంచి వచ్చిన రోగి విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం. ఉత్త "షివరింగ్" అని రాస్తే ఆ హెచ్చరిక పోతుంది.

రైగర్స్‌కీ ఫిట్స్‌కీ తేడా సులువుగా పట్టుకోవచ్చు. రైగర్స్‌లో మనిషికి తెలివి ఉంటుంది, పేరు పెట్టి పిలిస్తే పళ్ళు టకటకలాడుతున్నా జవాబిస్తాడు. ఇంకో మాటతోనూ తడబాటు ఉంది. పార్కిన్సన్స్ రోగి చేతుల బిగుతు రిజిడిటీ, రైగర్ కాదు. చనిపోయాక ఒళ్ళు కట్టెలా అవడం రైగర్ మార్టిస్. మూడూ వేరు.

ట్రెమర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, పెద్దవాళ్ళున్న ప్రతి ఇంట్లో పనికొస్తుంది. 1817లో లండన్ డాక్టరు జేమ్స్ పార్కిన్సన్ తాను వర్ణించిన జబ్బుకి షేకింగ్ పాల్సీ అని పేరు పెట్టాడు, అంటే ఆయనా షేక్ అనే మాటే వాడాడు. ఇప్పుడు డాక్టర్లు దాన్ని ట్రెమర్ అంటారు, ఎప్పుడు వస్తుందో కూడా అడుగుతారు. అందుకే చెప్పేముందు మూడు చూడండి. చేతులు ఒళ్ళో వదిలేసి కూర్చున్నప్పుడు వణుకుతున్నాయా? రెండు చేతులూ ముందుకు చాపితే వణుకుతున్నాయా? నీళ్ళ గ్లాసు నోటి దాకా తెచ్చేటప్పుడు తొణుకుతోందా? ఖాళీగా ఉన్నప్పుడు, ఒక పక్కన మొదలై, సెకనుకి నాలుగు నుంచి ఆరుసార్లు ఊగితే పార్కిన్సన్స్ అనుమానిస్తారు; దాన్ని రెస్ట్ ట్రెమర్ అంటారు. పని చేస్తేనే, సాధారణంగా రెండు చేతుల్లోనూ వస్తే ఎసెన్షియల్ ట్రెమర్ వైపు ఆలోచిస్తారు. ఉబ్బసానికి సాల్బుటమాల్ పీల్చాక చేతులు వణకడం మందు వల్లే. ఆ మందు పేరు చెప్పడం మర్చిపోకండి.

షుగరు మందు వేసుకునేవాళ్ళు ఒక మాట విడిగా నేర్చుకోవాలి. ఆకలి, చెమటలు, కాళ్ళూ చేతులూ తేలిపోతున్నట్టు లోపల వణుకు కలిసి వస్తే దాన్ని షేకీ అంటారు. "ఐ ఫీల్ షేకీ" అన్న మూడు మాటలతో అవతలివాళ్ళు షుగరు పడిపోయిందేమోనని చూస్తారు. "ఐ యామ్ షివరింగ్" అంటే దుప్పటి తెస్తారు. గ్లూకోజు డెసిలీటరుకి 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. మనిషి మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.

షడర్, క్వివర్ ఎక్కువగా కథల్లో, సబ్‌టైటిళ్ళలో పనికొచ్చే మాటలు. తెలుగులో "ఒళ్ళు జలదరించింది" అనే చోట షడర్ సరిగ్గా అతుకుతుంది. పెదవి వణికి కన్నీళ్ళు రాబోతుంటే క్వివర్. భయానికి గొంతు వణికితే ట్రెంబుల్. ఇవి జబ్బు చెప్పే మాటలు కావు.

ఏ మాటా తోచనప్పుడు షేక్ వాడి, పక్కన ఎక్కడ, ఎంతసేపు, దేనివల్ల అన్నవి చెప్పండి. షివర్ తప్పుగా వాడడం కన్నా అదే చాలా నయం. క్రియని క్రియగానే వాడండి. "ఐ యామ్ గెటింగ్ షివరింగ్" అంటే మన ఇంగ్లీషు అని వెంటనే తెలిసిపోతుంది; "ఐ యామ్ షివరింగ్" చాలు.

ఒకచోట అదిరితే, పట్టేస్తే

కన్ను అదరడం మనకి శకునం. మగవాళ్ళకి కుడి, ఆడవాళ్ళకి ఎడమ మంచిదంటారు. ఇంగ్లీషులో దానికి ట్విచ్. ఇక్కడ మూడు తప్పులు తరచుగా వినిపిస్తాయి. "ఐ ఈజ్ బీటింగ్" అంటారు. కొట్టుకునేది గుండె, కన్ను కాదు. "బ్లింకింగ్" అంటారు, అది మామూలు రెప్పపాటు. ఇంకొందరు "వింకింగ్" అంటారు. అది కావాలని కన్ను కొట్టడం, డాక్టరుతో అనకూడని మాట. నిద్ర తక్కువైనా, కాఫీ ఎక్కువైనా, అలసినా రెప్ప సన్నగా అదురుతుంది, చాలావరకు కొద్ది రోజుల్లోనో వారాల్లోనో దానంతటదే తగ్గుతుంది. కన్ను పూర్తిగా మూసుకుపోతున్నా, అదే వైపు చెంప, పెదవి కూడా లాగుతున్నా అది ట్విచ్ స్థాయి దాటింది. అప్పుడు స్పాజమ్ అని చెప్పి చూపించుకోవాలి.

ట్విచ్, టిక్ ఒకేలా కనిపిస్తాయి. పిల్లాడు పదే పదే కళ్ళు చిట్లిస్తున్నా, భుజం ఎగరేస్తున్నా అడిగి చూడండి: "కాసేపు ఆపగలవా? ఆపితే లోపల ఎలా ఉంటుంది?" కాసేపు ఆపగలిగి, ఆపుతుంటే లోపల చేసెయ్యాలనే తొందర పెరుగుతుంటే అది టిక్. ట్విచ్‌కి అలాంటి తొందర ఉండదు, ఆపడానికీ లొంగదు. స్కూలుకి రాసే ఉత్తరంలో ఈ తేడా పిల్లాడిని తిట్ల నుంచి కాపాడుతుంది.

జెర్క్ అంటే చెయ్యో కాలో ఒక్కసారిగా, గట్టిగా విదిలించినట్టు కదలడం. నిద్ర పట్టబోతుండగా మెట్టు తప్పి పడ్డట్టు కాలు ఎగరడం హిప్నిక్ జెర్క్. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకీ వస్తుంది. డాక్టరు మోకాలి కింద సుత్తితో తట్టినప్పుడు కాలు లేవడం నీ జెర్క్. 1875లో జర్మన్ డాక్టర్లు ఎర్బ్, వెస్ట్‌ఫాల్ దీన్ని వర్ణించారు.

స్పాజమ్, క్రాంప్ మధ్య ఎంచుకోవడం సులువు. కండరం ముడుచుకుని వదలకపోవడం అంతా స్పాజమ్, నొప్పి ఉన్నా లేకపోయినా. పేగుకీ, ఊపిరి గొట్టాలకీ కూడా వాడతారు. గట్టిగా నొప్పెట్టే కండరం పట్టు క్రాంప్. అర్ధరాత్రి పిక్కలు పట్టేస్తే క్రాంప్. రుషికొండలో ఈదుతుండగా కాలు కొంకర్లు పోయినా క్రాంపే. ఈత ఆపి, వెల్లకిలా తేలి, మోకాలు చాచి, పాదం వేళ్ళని మోకాలి వైపు లాగిపట్టాలి. కొలిమి దగ్గర ఎండా వేడీ కలిసి చెమటలు కారేలా పనిచేశాక కండరాలు పట్టేస్తే హీట్ క్రాంప్స్ అంటారు. నీడలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ పట్టాలి. నెలసరి నొప్పిని అమెరికన్లు క్రాంప్స్ అంటారు, బ్రిటన్‌లో పీరియడ్ పెయిన్ అనే మాట ఎక్కువ.

"నడుం పట్టేసింది" అన్నప్పుడు మాత్రం జాగ్రత్త. వంగి బరువెత్తగానే బిగుసుకుని కదలనివ్వకపోతే బ్యాక్ స్పాజమ్ అనొచ్చు. మెడ ఒక వైపు తిరగకపోతే స్టిఫ్ నెక్. మడమ బెణికితే స్ప్రెయిన్. మూడిటికీ క్యాచ్ అంటే బయటివాళ్ళకి అర్థం కాదు.

ఫిట్స్, సీజర్, కన్వల్షన్

ఈ మూడిట్లో తప్పు మాటకి ఖరీదు ఎక్కువ. మెదడులో విద్యుత్తు ఒక్కసారిగా అదుపు తప్పడం సీజర్. ఒళ్ళు పెద్దగా కొట్టుకోవడం కన్వల్షన్; ఎక్కువగా సీజర్ వల్లే వస్తుంది, కానీ ఎప్పుడూ కాదు. కొట్టుకోకుండా కూడా సీజర్ రావచ్చు. పిల్లలు పది సెకన్లు శూన్యంలోకి చూసి మళ్ళీ పనిలో పడే ఆబ్సెన్స్ సీజర్ అలాంటిదే. కాబట్టి ప్రతి కన్వల్షనూ సీజర్ అనలేం, ప్రతి సీజరూ కన్వల్షన్ కాదు. శోష వచ్చి పడ్డవాళ్ళ చేతులు కూడా రెండు మూడుసార్లు జెర్క్ అవుతాయి. ఎపిలెప్సీ అంటే సీజర్లు మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బు. ఒక్కసారి వస్తే ఎపిలెప్సీ అని రాసెయ్యకూడదు. 24 గంటల కన్నా ఎక్కువ ఎడంతో, వేరే తక్షణ కారణం లేకుండా రెండుసార్లు రావడం డాక్టర్లు వాడే కొలతల్లో ఒకటి.

ఫిట్స్ మన దేశంలోనూ బ్రిటన్‌లోనూ అర్థమవుతుంది. అమెరికాలో "హి హాడ్ ఎ ఫిట్" అంటే కోపంతో గొడవ చేశాడని అర్థం చేసుకుంటారు. అక్కడికి సీజర్ అనే చెప్పండి.

నెలలోపు పసిబిడ్డ చెయ్యి వణుకుతుంటే ముందు ఆ చేతిని మెత్తగా పట్టుకుని చూడాలి. పట్టుకోగానే ఆగితే జిటరీ అని రాస్తారు, షుగరు, కాల్షియం చూస్తారు. పట్టుకున్నా మీ వేళ్ళ కింద కొట్టుకుంటూనే ఉంటే సీజర్ అనుమానం. చప్పుడికి రెండు చేతులూ బార్లా చాచి మళ్ళీ దగ్గరకి తెచ్చుకోవడం మోరో రిఫ్లెక్స్. నాలుగు నుంచి ఆరు నెలలకి పోతుంది. ఆ వయసులోపైనా, దాటాకైనా, నిద్ర లేచినప్పుడల్లా వరసగా పది ఇరవై కుదుపులు వస్తే మోరో అనుకుని వదిలెయ్యకూడదు. అవి ఇన్‌ఫంటైల్ స్పాజమ్స్ కావచ్చు, అదే రోజు చూపించాలి.

పెద్దవాళ్ళకి ఫిట్స్ వస్తే పక్కకి ఒత్తిగిలించి, తల కింద మెత్తటిది పెట్టి, టైము చూడండి. చేతిలో తాళాలు పెట్టడం వల్ల ఉపయోగం లేదు, నోట్లో చెంచా పెడితే పళ్ళు విరుగుతాయి. 5 నిమిషాలు దాటితే 108.

ఉలికిపాటు నుంచి నొప్పి దాకా

వీటికి వరస తెలిస్తే మాట దొరుకుతుంది. ఇంజెక్షను ఇస్తున్నారనుకోండి. సిరంజి చూడగానే చెయ్యి వెనక్కి లాక్కోవడం ఫ్లించ్; నొప్పి ఇంకా రాలేదు, వస్తుందని ఒళ్ళు తప్పుకుంది. సూది దిగిన క్షణంలో మొహం ముడుచుకోవడం విన్స్. ఆ మొహం అలాగే ఉండిపోతే గ్రిమేస్. ఒళ్ళు మొత్తం వెనక్కి జరిగితే రికాయిల్. వెనక తలుపు దబ్బున పడి ఉలిక్కిపడితే స్టార్టిల్. నొప్పితో దానికి పని లేదు. సిగ్గుతోనో ఇబ్బందితోనో మెలికలు తిరిగితే క్రింజ్.

కేసు షీటులో విన్స్ చాలా పనికొస్తుంది. మాట్లాడలేని ముసలావిడ "నొప్పి లేదు" అని తలూపినా, పొట్ట కింద కుడివైపు నొక్కినప్పుడు విన్స్ అయిందని రాస్తే చదివే డాక్టరు ఆగుతాడు. నొక్కుతున్నప్పుడు పొట్ట కండరం తనంతట తాను చెక్కలా బిగుసుకుంటే గార్డింగ్. ఆ మాట రాస్తే సర్జనుకి కబురు వెళ్తుంది, కాబట్టి నిజంగా చేతికి తగిలితేనే రాయాలి.

ఊపిరి మాటలు

పిల్లికూతలకి వీజ్ సరిగ్గా సరిపోతుంది: ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వచ్చే సన్నని ఈల. ఊపిరి పీల్చేటప్పుడు గొంతు దగ్గర కూత వస్తే స్ట్రైడర్, అది ఇంకా అత్యవసరం. రాసేముందు పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా అన్నది వినండి. కైలాసగిరి మెట్లెక్కి రొప్పడం పాంట్. గురక స్నోర్.

గ్యాస్ప్ దగ్గర మన ఆసుపత్రుల వాడుక వేరు. "గ్యాస్పింగ్‌లో ఉన్నారు" అని నర్సు చెప్పిందంటే బంధువులు కుదేలైపోతారు. ఇక్కడ అది ఆఖరి ఊపిరి. మామూలు ఇంగ్లీషులో ఆశ్చర్యానికో, చన్నీళ్ళు మీద పడ్డందుకో ఒక్కసారి నోరు తెరిచి ఊపిరి పీల్చినా గ్యాస్పే. కాబట్టి బయటి డాక్టరుకి ఆ ఒక్క మాట చాలదు. అన్‌రెస్పాన్సివ్, నాట్ బ్రీతింగ్ నార్మల్లీ అని చేర్చండి. మనిషి పలకక, అప్పుడొకటి అప్పుడొకటి గ్యాస్ప్ తీస్తుంటే ఊపిరి ఆడుతోందని ఆగకూడదు. సీపీఆర్ మొదలుపెట్టాలి: నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు.

పొలమారడం చోక్ అంత పెద్దది కాదు. నీళ్ళు అడ్డంగా పోయి దగ్గు వస్తే "ఇట్ వెంట్ డౌన్ ద రాంగ్ వే" అంటారు. దగ్గలేక, మాట రాక, గొంతు పట్టుకుంటే అది చోకింగ్. వీపు మీద 5 గట్టి చరుపులు, ఆగకపోతే పొట్ట మీద 5 నొక్కులు, మళ్ళీ మొదటి నుంచి.

కడుపు, చర్మం: త్వరగా

"వామిటింగ్ సెన్సేషన్" మన దగ్గర అందరూ అంటారు. బయట దాన్ని నాజియా అనండి, మాటల్లో "ఐ ఫీల్ సిక్" అన్నా బ్రిటన్‌లో సరిపోతుంది. గొంతులో ఏదో తగిలి ఓకరింత వస్తే గ్యాగ్. కడుపు ఎగదన్ని ఏమీ బయటికి రాకపోతే రెచ్. పసిపిల్లలు పాలు కక్కడం స్పిట్ అప్, వాంతి కాదు. త్రేన్పుకి బర్ప్ మామూలు మాట, బెల్చ్ కాస్త పెద్దది, వైద్యపు రాతకీ నప్పుతుంది. ఎక్కిళ్ళు హికప్స్, 48 గంటలు దాటితే డాక్టరుకి చెప్పాల్సిన విషయం.

సిగ్గుకి మొహం ఎర్రబడితే బ్లష్. జ్వరం, మద్యం, మెనోపాజ్ వేడి ఆవిర్లకి ఫ్లష్. బ్రిటన్‌లో హాట్ ఫ్లష్, అమెరికాలో హాట్ ఫ్లాష్. మన రంగు చర్మం మీద ఎరుపు కనపడకపోవచ్చు, కాబట్టి రోగి చెప్పిన వేడిని రాయండి. పులకరింతకీ గగుర్పాటుకీ ఇంగ్లీషులో ఒక్కటే, గూస్‌బంప్స్; సంతోషమో భయమో విడిగా చెప్పాలి. చల్లటి చెమటలతో ఒళ్ళు జిగటగా ఉంటే క్లామీ. గుండె నొప్పితో కలిసి వస్తే ఆ మాట ముందు చెప్పండి.

కళ్ళు తిరిగితే

మన గిడ్డీనెస్ బయట సరిగ్గా చెల్లదు. గిడ్డీ అంటే సంతోషంతో తేలిపోవడం కూడా. డిజ్జీ అంటే అందరికీ తెలుస్తుంది, కానీ డాక్టరు అక్కడితో ఆగడు. ఇక్కడ తెలుగే దారి చూపిస్తుంది. గది గిర్రున తిరుగుతున్నట్టుంటే వర్టిగో. అది ఎత్తంటే భయం కాదు. మంచంలో పక్కకి తిరగ్గానే వచ్చి నిమిషంలోపు తగ్గితే చెవి లోపలి కారణాన్ని అనుమానిస్తారు. లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మితే లైట్‌హెడెడ్. పడిపోయి తెలివి తప్పితే ఫెయింట్, లేదా పాస్ అవుట్. తల బాగానే ఉండి నడకలో తూలితే అన్‌స్టెడీ. నాలుగింటికీ వైద్యం వేరు, అందుకే ఒక్క గిడ్డీనెస్‌తో సరిపెట్టకండి.

తిమ్మిరి కూడా రెండుగా విడిపోతుంది. చీమలు పాకినట్టుంటే టింగ్లింగ్, ముట్టుకున్నా తెలియకపోతే నంబ్. ఒక వైపు మొహం, చెయ్యి హఠాత్తుగా నంబ్ అయితే మాటల గురించి ఆలోచించకుండా ఆసుపత్రికి బయల్దేరండి.

ఎవరికి ఏది

విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) 1923 నుంచి ఉత్తరాంధ్ర రోగులకీ, ఒడిశా నుంచి వచ్చేవాళ్ళకీ పెద్ద దిక్కు. అక్కడ శిక్షణ పొందే నర్సుకి "ఒళ్ళంతా ఊపేస్తంది బాబూ" అన్నది వినగానే షివరింగా, ట్రెమరా, రైగర్సా అని విడదీసే పని రోజూ ఉంటుంది. ఓఈటీకి ఆ అలవాటునే వాడుకోవాలి. రాత పరీక్ష 45 నిమిషాలు, అందులో మొదటి 5 చదవడానికే. ఉత్తరం 180 నుంచి 200 పదాలు. అక్కడ ట్రెమర్, సీజర్, రైగర్స్, వర్టిగో వాడండి, చదివేది ఎక్కువగా వైద్యవృత్తివాళ్ళే. మాట్లాడే భాగంలో ఐదేసి నిమిషాల రోల్‌ప్లేలు రెండు; అక్కడ ఎదుట ఉన్నది రోగి, కాబట్టి షేకింగ్, ఫిట్, ఫీలింగ్ డిజ్జీ. ఉత్తరంలోని మాటలే రోగి దగ్గర వాడితే ఆ భాగంలో మార్కులు తగ్గుతాయి.

స్క్రైబులూ, ట్రాన్స్‌క్రిప్షను చేసేవాళ్ళూ మాటని పైకి ఎక్కించకూడదు. డాక్టరు షేకింగ్ అంటే షేకింగే రాయండి. ఖాయంగా తెలియనప్పుడు అమెరికా రికార్డుల్లో సీజర్ లైక్ యాక్టివిటీ అంటారు. దాన్ని కుదించి సీజర్ అని రాస్తే రోగి డ్రైవింగ్ లైసెన్సు మీద, ఓడ ఉద్యోగపు మెడికల్ ఫిట్‌నెస్ మీద దెబ్బ పడొచ్చు.

ఓడ మీద ఉన్నవాళ్ళకి మా సలహా ఇంకా మోటుగా ఉంటుంది. రేడియోలో గరగరల మధ్య షివర్, క్వివర్ ఒకేలా వినిపిస్తాయి. షేకింగ్ ఒక్కటే వాడండి. తర్వాత ఏ భాగం, ఎన్ని నిమిషాలు, తెలివి ఉందా లేదా, ఒంటి వేడి ఎంత, నాడి ఎంత అన్నవి ఒక్కొక్కటిగా చెప్పండి. అంకెలు రెండుసార్లు చెప్పండి.

విదేశంలో ఉన్న పిల్లల దగ్గర ఉండి డాక్టరుని చూడబోయే పెద్దవాళ్ళు షేకింగ్, డిజ్జీ, ఫీలింగ్ సిక్, నంబ్, క్రాంప్, ఈ ఐదూ నేర్చుకుంటే చాలు. మిగతాది ఫోను వీడియో చెప్తుంది. ట్రెమర్ అయితే చేతులు ఒళ్ళో పెట్టుకుని పది సెకన్లు, చాచి పది సెకన్లు, గ్లాసు ఎత్తుతూ పది సెకన్లు తీయండి. ఫిట్స్ అయితే మనిషిని ఒత్తిగిలించాక వేరొకరు తీయాలి: మొహం, రెండు చేతులు, కాళ్ళు ఒకే చట్రంలో పడాలి, మధ్యలో పేరు పెట్టి ఒకసారి పిలవాలి, మొదలైన టైము గట్టిగా చెప్పాలి. కదలిక ఆగిన వెంటనే కెమెరా ఆపకండి. తర్వాత రెండు నిమిషాలు మనిషి ఎలా తేరుకున్నాడో కూడా డాక్టరుకి కావాలి.